మురుగునీటి ఆపరేటరుకు పరీక్ష ఎందుకు?

బస్సు నడిపే డ్రైవరుకు లైసెన్సు ఉండాలి. స్కూటరు లైసెన్సు చూపించి లారీ ఎక్కి కూర్చుంటానంటే ఎవరూ ఒప్పుకోరు. ఫ్యాక్టరీలో ఆవిరి బాయిలరు దగ్గర పనిచేసే మనిషికి కూడా యోగ్యతాపత్రం కావాలి. ఇవన్నీ మనకు సబబుగానే తోస్తాయి. బస్సు బోల్తా పడితే, బాయిలరు పేలితే ప్రాణాలు పోతాయి కదా!

మరి ఊరి మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రాన్ని నడిపే మనిషి సంగతేమిటి? "మురుగుకు కూడా పరీక్షా? మీట నొక్కితే పంపు తిరుగుతుంది, చక్రం తిప్పితే వాల్వు మూసుకుంటుంది. ఇందులో చదవవలసింది ఏముంది?" అని మీరు అనవచ్చు. కాని అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 1918లోనే ఈ పనికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆ తరువాత అనేక రాష్ట్రాలు, దేశాలు ఆ బాట పట్టాయి. కెనడా దేశంలోని అంటారియో రాష్ట్రంలో ఈ ఉద్యోగానికి నాలుగు తరగతుల లైసెన్సులున్నాయి. ఒక్కొక్క మెట్టుకూ ఒక్కొక్క పరీక్ష ఉంది.

ఎందుకింత పట్టుదల? ముందు మురుగునీటిలో ఏముందో చూద్దాం.

నీటిలో దాగిన ఆకలి

స్నానాల గదులు, వంటిళ్ళు, మరుగుదొడ్లు వదిలిన నీరంతా కలిస్తే మురుగునీరు అవుతుంది. ఆశ్చర్యమేమిటంటే, అందులో వెయ్యి పాళ్ళకు సుమారు 999 పాళ్ళు వట్టి నీరే! చిక్కంతా మిగిలిన ఆ ఒక్క పాలుతోనే. అందులో మలపదార్థం, సబ్బు, నూనె, అన్నం మెతుకులు, రోగాలు కలిగించే క్రిములు అన్నీ ఉంటాయి.

ఈ మురుగును అలాగే ఏటిలోకి వదిలామనుకోండి. ఏటిలోని బాక్టీరియాకు అది పెద్ద విందు. అవి ఆ ఆహారాన్ని తింటూ వేగంగా పెరుగుతాయి. తినడంతోబాటు నీటిలో కరిగివున్న ఆక్సిజన్‌ను కూడా వాడుకుంటాయి. ఈ ఆక్సిజన్ అవసరాన్ని కొలిచే కొలతను బి.ఓ.డి. అంటారు. ఇళ్ళనుంచి వచ్చే మురుగునీటిలో ఇది లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ లీటరుకు 9 మిల్లీగ్రాములే. అంటే ఒక్క లీటరు మురుగు, ఇరవై లీటర్లకు పైగా మంచినీటిలోని ఆక్సిజన్‌ను మింగేయగలదన్నమాట! ఇక చేపలు బతికేదెలా?

కాబట్టి ఆ విందేదో ఏటిలో కాకుండా, ముందే ఒక తొట్టెలో ముగించాలి. శుద్ధి కేంద్రం చేసే పని ఇదే.

తోడు పెట్టిన నీరు

1914లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం గురించి ప్రకటించారు. వారు సీసాల్లో మురుగునీరు పోసి, అందులోకి గాలిని ఊదారు. నీరు పూర్తిగా శుద్ధి కావడానికి మొదటిసారి సుమారు ఐదు వారాలు పట్టింది. అప్పుడు తేరిన నీటిని వంచేసి, అడుగున మిగిలిన బురదను మాత్రం పారవేయకుండా ఉంచారు. దాని మీదనే కొత్త మురుగు పోసి మళ్ళీ గాలి ఊదారు. ఇలా మళ్ళీ మళ్ళీ చేసేసరికి ఐదు వారాల పని ఒక్క రోజులోపే పూర్తయింది!

ఇందులోని కిటుకు మన వంటింట్లో అందరికీ తెలిసిందే. నిన్నటి పెరుగులో కొంచెం తీసి ఇవాళ్టి పాలకు తోడు పెడతాం. అడుగున మిగిలిన బురద కూడా అటువంటి తోడే. అందులో కోట్లకొద్దీ బాక్టీరియా, వాటిని తినే ఇతర సూక్ష్మజీవులు ఉంటాయి. అందుకే ఆ ఇద్దరూ దానికి 'ఉత్తేజిత బురద' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. వారికి ఈ దారి చూపిన రసాయన శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ ఫౌలర్. ఆయన ఆ తరువాత 1916లో మన బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ఆచార్యుడుగా వచ్చాడు.

నేటికీ ప్రపంచంలో ఎన్నో పెద్ద కేంద్రాలు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి. మురుగునీరు ముందు ఇనుప కమ్ముల గుండా వస్తుంది. గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు అక్కడే ఆగిపోతాయి. తరువాతి తొట్టెలో ఇసుక అడుగుకు దిగుతుంది. ఆపైన గాలి ఊదే పెద్ద తొట్టెలో సూక్ష్మజీవులు విందు చేసుకుంటాయి. చివరి తొట్టెలో నీరు నిలకడగా ఉంటుంది కాబట్టి బురద అడుగుకు దిగి, పైన తేటనీరు మిగులుతుంది. దిగిన బురదలో కొంత తిరిగి తోడుగా వెనక్కు వెళుతుంది. ఎక్కువైన బురదను తీసివేస్తారు.

ఇప్పుడు తెలిసింది కదా! ఇది వట్టి పంపుల వ్యవహారం కాదు. తొట్టెలో ఉన్నవి ప్రాణులు. వాటికి మేత కావాలి, గాలి కావాలి. చలికాలంలో పెరుగు త్వరగా తోడుకోనట్టే, చలి ముదిరితే కొన్ని రకాల బాక్టీరియా మందగిస్తాయి. ఏ కర్మాగారమో కాలువలోకి విషం వదిలితే మొత్తం చచ్చిపోవచ్చు కూడా. పశువులను మేపేవాడికి వాటి తీరు తెలిసినట్టు, ఆపరేటరుకు ఈ కనిపించని మంద తీరు తెలియాలి.

ఒకే లక్షణం - రెండు రోగాలు

బి.ఓ.డి. కొలవడానికి మామూలుగా 5 రోజులు పడుతుంది. ఇవాళ తీసిన నీటికి జవాబు ఐదు రోజులకు వస్తుంది. ఈలోగా ఆ నీరు ఎప్పుడో ఏటిలో కలిసిపోయి ఉంటుంది! కాబట్టి ఆపరేటరు ఆ జవాబు కోసం కూర్చోలేరు. తొట్టెలో ఏం జరుగుతోందో వెంటనే తెలిపే గుర్తులను చదవడం రావాలి.

అటువంటి గుర్తు ఒకటి చూద్దాం. గాలి తొట్టెలోని నీటిని ఒక లీటరు గాజు కొలపాత్రలో పోసి, కదపకుండా 30 నిమిషాలు ఉంచుతారు. బురద మెల్లగా దిగుతుంది. అది ఏ గీత దగ్గర ఆగిందో చూస్తారు. 250 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగిందనుకోండి. ఆ లీటరు నీటిలోని బురదను ఎండబెట్టి తూస్తే 2.5 గ్రాములు ఉంది. 250ని 2.5తో భాగిస్తే 100 వస్తుంది. అంటే ఒక్కొక్క గ్రాము బురద 100 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటోంది. ఇది ఆరోగ్యకరమైన బురద.

మరొక రోజు బురద 450 గీత దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

తూచి చూస్తే 4.5 గ్రాములు ఉందనుకోండి. 450ని 4.5తో భాగిస్తే మళ్ళీ 100 వస్తుంది. బురదలో దోషం లేదు, తొట్టెలో అది మరీ ఎక్కువైందంతే. కొంత తీసివేస్తే సరిపోతుంది.

అలాకాక 2.5 గ్రాములే ఉంటే? 450ని 2.5తో భాగిస్తే 180 వస్తుంది. ఇది వేరే రోగం. బురద దూదిలా ఉబ్బింది. పోగుల్లా పెరిగే బాక్టీరియా ఎక్కువైతే బురద ముద్దకట్టదు, దిగదు. తేటనీటితోబాటే కొట్టుకుపోతుంది. కారణం తొట్టెలో ఆక్సిజన్ తగ్గడం కావచ్చు. సూక్ష్మజీవుల ఎదుగుదలకు కావలసిన నత్రజని, భాస్వరం వంటివి చాలకపోవడం కావచ్చు. సూక్ష్మదర్శినిలో చూసి, ఆక్సిజన్ కొలిచి, కారణం పట్టుకోవాలి.

చూశారా! గాజుపాత్రలో కనిపించింది రెండుసార్లూ అదే 450 గీత. మందు మాత్రం వేరువేరు. భాగహారం రాని మనిషికి ఆ తేడా ఎన్నటికీ కనిపించదు.

లైసెన్సు పరీక్షల్లో ఇటువంటి లెక్కలు చాలా వస్తాయి. మరొకటి మీరే చేయండి. గాలి తొట్టెలో 3,000 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. రోజుకు 12,000 ఘనపు మీటర్ల మురుగు వస్తోంది. నీరు తొట్టెలో ఎంతసేపు ఉంటుంది? రోజులో నాలుగోవంతు, అంటే 6 గంటలు. పెద్ద వాన కురిసి కాలువల్లో నీరు రెట్టింపయితే? 3 గంటలే! ఆరు గంటల భోజనం మూడు గంటల్లో ముగించమని సూక్ష్మజీవులను ఒప్పించడం ఆపరేటరు వంతు.

ముక్కును నమ్మరాదు

పరీక్షలో మరో ముఖ్యమైన భాగం భద్రత. మురుగు నిలవ ఉన్నచోట హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి కుళ్ళిన కోడిగుడ్ల వాసన ఉంటుంది. పది లక్షల పాళ్ళ గాలిలో ఒక పాలు కంటె తక్కువ ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. "అయితే వాసన రాకపోతే భయం లేదు" అనుకుంటున్నారా? అక్కడే ఉంది ప్రమాదం! ఈ వాయువు 100 పాళ్ళకు చేరేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన తెలియకుండా పోతుంది. లోపలికి దిగిన మనిషి, గాలి బాగుపడిందని అనుకుంటాడు. ఇంకా పెరిగి 500 పాళ్ళు దాటితే స్పృహ తప్పి పడిపోతాడు. ఈ వాయువు గాలికంటె బరువైనది కాబట్టి గుంతల అడుగున పేరుకుని ఉంటుంది.

2015 నవంబరులో కేరళలోని కోళిక్కోడ్ నగరంలో భూగర్భ మురుగు కాలువ శుభ్రం చేయడానికి దిగిన ఇద్దరు కార్మికులు ఇలాగే ఊపిరాడక పడిపోయారు. వారు మన ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్టకూటికోసం వెళ్ళినవారు. దారినపోయే ఆటో డ్రైవరు ఒకరు వారిని కాపాడాలని వెంటనే లోపలికి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. ఆ డ్రైవరు గుండెధైర్యానికి దేశమంతా చేతులు జోడించింది. కాని ఆ గుంతలోని గాలిని ముందుగా పరీక్షించి ఉంటే ఎవరూ పోవలసిన పని లేదు.

"నీ సహచరుడు గుంతలో పడిపోయాడు. నువ్వేం చేస్తావు?" శిక్షణ పొందే ప్రతి ఆపరేటరు జవాబు నేర్చుకోవలసిన ప్రశ్న ఇది. జవాబు వినడానికి కఠినంగా ఉంటుంది: వెంటనే దిగకూడదు. సహాయం కోసం పిలవాలి. గాలి పరికరం తగిలించుకోకుండా, నడుముకు తాడు లేకుండా, పైన మనుషులు లేకుండా అడుగు పెట్టకూడదు. అసలు మొదటి మనిషి దిగకముందే గాలిలో ఆక్సిజన్ ఎంత ఉందో, విషవాయువు, మండే వాయువు ఉన్నాయో లేదో పరికరంతో కొలిచి తీరాలి. మన దేశంలో కూడా, రక్షణ పరికరాలు లేకుండా మనుషులను మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది.

నాలుగు మెట్లు

ఇప్పుడు అంటారియో పద్ధతి చూద్దాం. అక్కడ ముందుగా కేంద్రాలకే తరగతులు నిర్ణయిస్తారు. ఎంతమందికి సేవ చేస్తోంది, ఏయే పద్ధతులు వాడుతోంది, బురదను ఏం చేస్తోంది మొదలైన వాటికి మార్కులు వేస్తారు. 30 మార్కుల లోపు వస్తే అది ఒకటో తరగతి కేంద్రం. 31 నుంచి 55 వరకు రెండు, 56 నుంచి 75 వరకు మూడు, ఆపైన నాలుగు. స్కూటరుకు, లారీకి లైసెన్సులు వేరైనట్టే ఇది కూడా.

తరువాత మనుషుల సంగతి. పన్నెండో తరగతి పూర్తిచేసి, ప్రవేశ పరీక్షలో నెగ్గినవారు 'శిక్షణలో ఉన్న ఆపరేటరు' అవుతారు. వారు పనిచేయవచ్చు గాని, ఇతరులపై అజమాయిషీ చేసే బాధ్యత వారికి అప్పగించకూడదు. ఒక సంవత్సరం అనుభవం గడించి, ఒకటో తరగతి పరీక్షలో నెగ్గితే మొదటి లైసెన్సు వస్తుంది. రెండో తరగతికి 3 సంవత్సరాల అనుభవం కావాలి. ఆపై తరగతులకు 4 సంవత్సరాల అనుభవంతోబాటు అదనపు చదువు లేదా శిక్షణ, బాధ్యత వహించి పనిచేసిన కాలం కూడా లెక్కలోకి వస్తాయి. ప్రతి పరీక్షలోనూ నూటికి 70 మార్కులు వస్తేనే ఉత్తీర్ణత. మన బడిలో 35 వస్తే సంబరపడేవారు ఈ అంకెను గమనించాలి!

లైసెన్సు వచ్చాక అంతా అయిపోయినట్టు కాదు. మూడేళ్ళకొకసారి దాన్ని కొత్తది చేయించుకోవాలి. కేంద్రం యజమాని ప్రతి ఆపరేటరుకూ ఏటా కనీసం 40 గంటల శిక్షణ ఇప్పించాలి. ప్రతి కేంద్రానికీ దాని తరగతికి తగిన లైసెన్సు ఉన్న ఒక ప్రధాన బాధ్యుడు ఉండాలి. లైసెన్సు ప్రతిని పనిచేసేచోట అందరికీ కనిపించేలా ఉంచాలి.

పరీక్ష లేకుండా వచ్చిన కాగితం

"ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నవాడికి మళ్ళీ పరీక్షేమిటి? అనుభవం చాలదా?" ఈ ప్రశ్న అంటారియోలో కూడా వచ్చింది. అందుకని మొదట్లో ఒక సడలింపు ఇచ్చారు. అప్పటికే ఆ ఉద్యోగంలో ఉన్నవారికి, అనుభవాన్ని బట్టి, పరీక్ష లేకుండానే లైసెన్సు ఇచ్చే ఏర్పాటు అది. మంచినీటి ఆపరేటర్లకు, మురుగునీటి ఆపరేటర్లకు అప్పట్లో ఒకే నిబంధనావళి ఉండేది.

ఆ సడలింపు ఎంత ఖరీదైనదో 2000 సంవత్సరంలో తెలిసింది. వాకర్టన్ అనేది అంటారియోలో సుమారు 4,800 మంది జనాభా గల చిన్న పట్టణం. ఆ మే నెలలో భారీ వర్షాలు కురిశాయి. దగ్గరి పొలంలోని పశువుల ఎరువు నుంచి ప్రమాదకరమైన బాక్టీరియా ఒక మంచినీటి బావిలోకి చేరింది. తగినంత క్లోరిన్ కలిపి, రోజూ కొలిచి చూసి ఉంటే ఆ క్రిములు చచ్చేవి, లేదా లోపం బయటపడేది. కాని అక్కడ క్లోరిన్‌ను రోజూ కొలవడం లేదు. కొలిచినట్టు ఊహించి అంకెలు రాసేవారు. 7 మంది చనిపోయారు. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు.

ప్రభుత్వం నియమించిన విచారణ సంఘానికి న్యాయమూర్తి డెనిస్ ఓకానర్ అధ్యక్షుడు. 2002లో వెలువడిన ఆయన నివేదికలో ఒక సంగతి మనసును కలచివేస్తుంది. ఆ నీటి సరఫరాను చూసే ముఖ్య ఉద్యోగులకు లైసెన్సులున్నాయి! పరీక్ష లేకుండా అనుభవం మీద వచ్చిన లైసెన్సులవి. వారు ఊరికి కీడు తలపెట్టినవారు కారు. బావి నీరు శుద్ధి చేయకపోయినా మంచిదేనని నమ్మి తామూ తాగేవారు. క్లోరిన్ ఎందుకు కలపాలో, కలపకపోతే ఏమవుతుందో వారికి సరిగా తెలియదు. ఏళ్ళ తరబడి పనిచేశారు. ఏళ్ళ తరబడి అదే పొరపాటు చేశారు. తేటగా ఉన్న నీటిని చూసి కన్ను మోసపోయింది.

అనుభవం మీద లైసెన్సు పొందినవారితో సహా మంచినీటి ఆపరేటర్లందరూ రెండేళ్ళలోగా పరీక్షలో నెగ్గాలని ఓకానర్ సిఫార్సు చేశారు. 2004లో అంటారియో ప్రభుత్వం మంచినీటికి ఒకటి, మురుగునీటికి ఒకటి వేరువేరుగా కొత్త నిబంధనావళులు తెచ్చింది.

పరీక్ష ఒక్కటే అన్నిటికీ మందు అని దీని అర్థం కాదు. కొలవకుండా అంకె రాసే చేతిని ఏ పరీక్షా పట్టుకోలేదు. అందుకే చదువు, అనుభవం, ఏటేటా శిక్షణ, రిజిస్టరులో నిజమైన అంకె - ఈ నాలుగూ కలిసి ఉండాలి.

ఎవరి నీరు ఎవరికి?

వాకర్టన్‌లో చెడింది మంచినీరు కదా, మురుగుతో దానికేం పని అనుకోకండి. పై ఊరి మురుగు కలిసే ఏటినుంచే కింది ఊరు నీరు తోడుకుంటుంది. హైదరాబాదులో మూసీ ఒడ్డున అంబర్‌పేటలో ఉన్న శుద్ధి కేంద్రం రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసేలా కట్టినది. నగరం దాటాక ఆ మూసీ నీటితోనే రైతులు పంటలు పండిస్తారు. అటువంటి చోట కొలతలు చూసే మనిషి చేతిలో ఎందరి ఆరోగ్యం ఉందో ఆలోచించండి.

మీ ఊళ్ళో శుద్ధి కేంద్రం ఉంటే, మీ సైన్సు మాస్టారితో కలిసి, అనుమతి తీసుకుని చూసి రండి. అక్కడి ఆపరేటరును, "ఇవాళ బురద ఏ గీత దగ్గర ఆగిందండీ?" అని అడగండి. తన పని తెలిసిన ఆపరేటరు ఆ ప్రశ్న విని ముచ్చటపడతారు. గాజుపాత్ర చూపించి, అరగంట కూర్చోబెట్టి మరీ చెబుతారు.